స్త్రీలు సంఘ పెద్దలుగా ఉండొచ్చా? వాక్యం, నిబంధనలు, కాపురం

సంఘ_చిట్టా
అందరికీ వందనాలు. కొత్త కమిటీ ఎన్నికలు దగ్గర పడేసరికి చాలా సంఘాల్లో ఈ ప్రశ్న లేస్తుంది: స్త్రీలను పెద్దలుగా పెట్టుకోవచ్చా? ఒకరు లేచి "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అంటారు. ఇంకొకరు "పురుషుడని స్త్రీ అని లేదు" అంటారు. దాంతో బైబిళ్లు మూతపడతాయి, గొంతులు లేస్తాయి. చర్చ నడపాల్సిన వాళ్లకు పనికొచ్చేలా రాయండి: ఏ వాక్యభాగాలు, వాటిని ఎలా చదవాలి, చర్చ ఏ పద్ధతిలో జరగాలి, ఎక్కడ చెడుతుంది. సాక్ష్యాలు (సొంత అనుభవాలు) వేరే చోట పెట్టుకుందాం, ఇక్కడ విషయం మాత్రమే.

గ్రీకుపాఠం
వందనాలండి. గ్రీకు దాకా వెళ్లకముందే మన తెలుగులో ఒక ముడి ఉంది. పాత అనువాదంలో "పురుషుడు" అంటే మగవాడు, భర్త కూడా. ఎఫెసీ 5:22లో "మీ సొంతపురుషులకు లోబడియుండుడి" అన్నచోట భర్తే, అనుమానం లేదు. 1 కొరింథీ 11:3లో "స్త్రీకి శిరస్సు పురుషుడు" అన్నచోట భర్తా, మగజాతా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఎందుకంటే గ్రీకు "అనేర్" కూడా రెండింటికీ చెల్లుతుంది. 1 తిమోతి 2:12లో "పురుషునిమీద అధికారము" దగ్గరా ఇదే ముడి. చర్చ మొదలవకముందే దీన్ని విప్పకపోతే, ఇంట్లో భార్యాభర్తల మాటను సంఘంలో ఆడామగా అందరికీ అంటగట్టేస్తారు. "సొంత" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గ్రీకులో ఉన్న "ఇడియొయిస్"కు అది చక్కని అనువాదం. ప్రతి స్త్రీ ప్రతి మగవాడికీ లోబడాలని ఆ వచనంలో లేదు.

ఎఫెసీ 5వ అధ్యాయాన్ని 22 నుంచి మొదలుపెట్టొద్దు. చాలా పాత చేతిరాత ప్రతులైన 46వ పాపిరస్‌లోనూ, వాటికన్ ప్రతిలోనూ 22వ వచనంలో క్రియాపదమే లేదు. 21వ వచనంలోని "ఒకనికొకడు లోబడియుండుడి" నుంచి దాన్ని తెచ్చుకుని చదవాలి. రెండూ ఒకే వాక్యం.

ఇక మౌనం. 1 కొరింథీ 14లో మౌనం మూడుసార్లు వస్తుంది. 28లో అర్థం చెప్పేవాడు లేకపోతే భాషలతో మాట్లాడేవాడు "మౌనముగా ఉండవలెను". 30లో పక్కవాడికి ప్రత్యక్షత కలిగితే మొదటి ప్రవక్త "మౌనముగా ఉండవలెను". 34లో స్త్రీలు. మూడు చోట్లా గ్రీకులో ఒకటే క్రియ, సిగావో. మొదటి రెండూ ఆ సందర్భానికి పెట్టిన హద్దులని అందరూ ఒప్పుకుంటారు. మూడోదాన్ని మాత్రం జీవితకాలపు నిషేధంగా చదవాలంటే, మూడు అధ్యాయాల ముందు 11:5లో స్త్రీ ముసుకు వేసుకుని ప్రార్థన చేయడాన్నీ, ప్రవచించడాన్నీ పౌలు మామూలు విషయంగానే ఎలా రాశాడో చెప్పాలి. ఇంకో సంగతి: క్లారొమొంటానస్ ప్రతి, మరికొన్ని పశ్చిమ ప్రతుల్లో 34, 35 వచనాలు 40 తర్వాత వస్తాయి. దీన్ని పట్టుకుని ఆ రెండు వచనాలు పౌలువి కావని తేల్చేయకండి, అవి దాదాపు అన్ని ప్రతుల్లోనూ ఉన్నాయి. చోటు మాత్రమే మారింది.

1 తిమోతి 2:11, 12 మీద పెద్ద గొడవ నడుస్తుంది. 11లో ఆజ్ఞ "నేర్చుకొనవలెను" అన్నదే. "మౌనముగా" అన్నచోట ఇక్కడ సిగావో కాదు, హెసుకియా. అదే ధాతువు 2:2లో "సుఖముగాను బ్రదుకు" అన్నచోట అందరు విశ్వాసుల గురించీ వస్తుంది. నోరు మూసుకోవడం కంటే నెమ్మదితనానికే అది దగ్గర. 12లో "అధికారము చేయుట"కు వాడిన ఆథెంటెయిన్ కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడొక్కచోటే ఉంది. అధికారానికి పౌలు మామూలుగా వాడే మాట ఎక్సూసియా. అపరూపమైన మాట ఎందుకు ఎంచుకున్నాడు అన్నదాని మీదే వాదమంతా: పెత్తనం చెలాయించడమా, మామూలు అధికారమా?

బెరయ_విశ్వాసి
గ్రీకుపాఠం అన్నా, వందనాలు. నాది రెండో పక్షం. పెద్దల పదవి పురుషులదే అని నమ్ముతాను, కానీ పైన రాసిన చాలావాటితో ఏకీభవిస్తాను. మా వాదన "స్త్రీ తక్కువది" అన్నదాని మీద నిలబడదు. అలా బోధించేవాళ్లు ఆదికాండము 1:27 చదవలేదు.

మేము నిలబడేది 1 తిమోతి 2:13 మీద: మొదట ఆదాము, తర్వాత హవ్వ నిర్మింపబడ్డారన్న మాట. తిమోతి ఉన్న ఎఫెసులో చదువులేని స్త్రీలు ఎక్కువనో, అక్కడ అర్తెమి గుడి ఉందనో పౌలు కారణం చెప్పలేదు. సృష్టి క్రమాన్ని కారణంగా చూపించాడు. సృష్టి క్రమం ఎఫెసుకే పరిమితం కాదు. ఆ వెంటనే 3:2లో అధ్యక్షుడు "ఏకపత్నీ పురుషుడు"గా ఉండాలి అంటాడు. ఆథెంటెయిన్ ఒక్కసారే వచ్చిందన్నది నిజమే, కానీ ఒక్కసారే వచ్చిన మాటకు మనకు నచ్చిన అర్థం పెట్టుకునే చనువూ రాదు. పైగా "ఉపదేశించుటకైనను" పక్కనే ఉంది, అదేమీ చెడ్డ పని కాదు.

ఫీబేను రోమా 16:1 "సంఘ పరిచారకురాలు" అంటుంది. ఆ డియాకొనొస్ అన్న మాటనే రోమా 13:4లో ప్రభుత్వాధికారికీ వాడాడు. పదవి రుజువు కావాలంటే ఆ మాటొక్కటే చాలదు. రోమా 16:7లోని యూనీయ సంగతీ అంతే: "అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారు" అంటే అపొస్తలుల్లో ఒకరా, అపొస్తలులకు బాగా తెలిసినవారా?

అయితే మా పక్షంలో ఒక తప్పు పెద్దగా జరుగుతోంది, అది రాయకపోతే నిజాయితీ కాదు. వచనం పెట్టిన హద్దు చిన్నది: పెద్దల పదవి, సంఘమంతటికీ అధికారంతో బోధించడం. ఆ హద్దును జరిపి జరిపి, స్త్రీ ఆరాధనలో ప్రార్థన చేయకూడదు, వాక్యం చదవకూడదు, లెక్కలు అడగకూడదు అన్నదాకా తెచ్చారు. వాక్యం పెట్టని కంచె వేయడం కూడా వాక్యానికి కలపడమే.

గ్రీకుపాఠం
బెరయ అన్నా, 2:13 మీద మీ మాట బరువైనదే. దాన్ని దాటేసి వెళ్లే సమానత్వ వాదం నిలబడదు. మా వైపు జవాబు: 1 కొరింథీ 11:8, 9లో కూడా పౌలు ఇదే సృష్టి క్రమం చెప్పి, 11, 12లో "స్త్రీకి వేరుగా పురుషుడు లేడు" అని తనే సర్దుతాడు. పైగా అక్కడ సృష్టి క్రమంతో నిలబెట్టిన ముసుగును చాలా సంఘాలు ఆనాటి ఆచారమనే అంటున్నాయి. అదే కారణం ఒకచోట ఆచారానికీ, ఇంకోచోట శాశ్వత నియమానికీ ఎలా ఆధారమవుతుంది? మీ సంఘాల్లో ముసుగు కూడా పాటిస్తారు కాబట్టి ఈ ప్రశ్న మీకు తగలదు, పాటించనివాళ్లకు తగులుతుంది.

యూనీయ విషయంలో ఒక్కటి. నాలుగో శతాబ్దపు క్రిసోస్తొము గ్రీకు మాతృభాషగా ఉన్నవాడు. ఆమెను స్త్రీగానూ అపొస్తలురాలిగానూ చదివి మెచ్చుకున్నాడు. ప్రిస్కిల్ల, అకుల దంపతుల పేర్లు కలిసి ఆరు చోట్ల వస్తే, పాత ప్రతుల వరుసలో నాలుగు చోట్ల ప్రిస్కిల్లదే ముందు. బోధకుడైన అపొల్లోకు "దేవుని మార్గము మరి పూర్తిగా విశదపరచిన" చోటు అందులో ఒకటి.

డయాసిస్_దస్తరం
ఏ సంఘంలో ఏముందో కొంచెం రాస్తాను, లేకపోతే చర్చ గాల్లో తిరుగుతుంది.

దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. 1976 నుంచి స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తోంది. 2013 సెప్టెంబరు చివర్లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్‌గా అభిషేకం పొందారు. సీఎస్ఐలో మొదటి స్త్రీ బిషప్ ఆమే. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు 1947 ఐక్యత సమయంలో బయటే ఉండి, 1975లో గానీ సీఎస్ఐలో కలవలేదు. అంత ఆచితూచి అడుగేసిన చోటే ఇది జరిగింది. కాబట్టి సీఎస్ఐ పాస్టరేట్‌లో "స్త్రీ పెద్దగా ఉండొచ్చా" అన్న ప్రశ్నకు నిబంధనల్లో జవాబు ఎప్పుడో వచ్చేసింది. మిగిలింది ఆచరణే.

కతోలిక సంఘంలో గురుత్వం పురుషులకే అని 1994లో పోప్ రెండో జాన్ పాల్ ఖరారు చేశారు. 2021 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ పఠన పరిచర్య, బలిపీఠ పరిచర్య అనే రెండు స్థాపిత పరిచర్యలను స్త్రీలకూ తెరిచారు. ఈ రెండు నిర్ణయాలూ ఒకదానికొకటి విరుద్ధమని చాలామంది అనుకుంటారు. కాదు. గురుత్వం వేరు, పరిచర్య వేరు అన్న గీత మీదే రెండూ నిలబడ్డాయి.

బాప్టిస్టుల్లో ప్రతి సంఘం తన నిర్ణయం తానే చేసుకుంటుంది. అమెరికా సదరన్ బాప్టిస్టులు మాత్రం 2000లో తమ విశ్వాస ప్రకటనలో పాస్టరు పదవి పురుషులకే అని రాసుకున్నారు. దాన్ని నియమావళిలోకే ఎక్కించే సవరణకు 2024లో మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సి ఉండగా 61 శాతం దాకా వచ్చి ఆగిపోయింది. యూట్యూబులో వినే ఇంగ్లిషు ప్రసంగాల్లో సగం ఆ గొడవ తాలూకువే. దాన్ని తెచ్చి మన స్వతంత్ర సంఘాల్లో పెట్టేముందు మన నియమావళిలో ఏముందో ఒకసారి తెరిచి చూడాలి.

కాపురం_పాఠాలు
నేను ఇంటి సంగతి రాస్తాను. సంఘంలో పదవి గొడవ ఏడాదికోసారి వస్తుంది, ఇంట్లో "శిరస్సు" గొడవ రోజూ వస్తుంది.

ఆదికాండము 2:18 "సాటియైన సహాయము"తో మొదలుపెట్టండి. సహాయము అనగానే మన చెవికి పనిమనిషో, చేతికింద మనిషో తగులుతుంది. హెబ్రీలో ఆ మాట ఏజెర్. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును? యెహోవావలననే" అన్న 121వ కీర్తనలో ఉన్నదీ అదే మాట. ఊరూరా మందిరాల బోర్డుల మీద ఉండే "ఎబెనెజరు"లో ఉన్నదీ అదే. దేవుడికి వాడిన మాట తక్కువ స్థాయిని ఎలా చెబుతుంది? ఇది వివరించి చెబితే కాబోయే పెళ్లికొడుకుల ముఖాల్లో మార్పు కనబడుతుంది.

పెళ్లికి ముందు పాఠాలు నాలుగు విడతలుగా పెట్టుకుంటే సరిపోతుంది, ఒక్కొక్కటి గంటన్నర. బానులు (పెళ్లి ప్రకటనలు) చదవడం మొదలుపెట్టకముందే నాలుగూ అయిపోవాలి. పేర్లు చదివాక ఏ సమస్య బయటపడినా పరువు కోసం దాచేస్తారు.

మొదటి దానిలో ఎఫెసీ 5:20 నుంచి 33 దాకా ఇద్దరూ పైకి చదవాలి. భార్యలకు మూడు వచనాలు, భర్తలతో మాట 25 నుంచి చివరిదాకా. "తన్ను తాను అప్పగించుకొనెను" అన్నచోట ఆగి, ఈ వారంలో దానికి అర్థం ఏమిటో అబ్బాయిని అడగండి. గొప్ప మాటలు వద్దు, పని చెప్పమనండి.

రెండోది డబ్బు. ఇద్దరికీ వేర్వేరు కాగితాలిచ్చి జీతం, అప్పు, పుట్టింటికి పంపేది, దశమభాగం, చీటీలు, బంగారం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి విడిగా రాయించండి. తర్వాత ఎదురెదురుగా పెట్టించండి. తేడా ఎక్కువగా అప్పు దగ్గరా, పుట్టింటికి పంపే డబ్బు దగ్గరా వస్తుంది.

మూడోది నిర్ణయాలు. 1 కొరింథీ 7:4 ఇద్దరి పేరూ పెట్టి, ఒకరి దేహం మీద ఇంకొకరికి "అధికారము" ఉందంటుంది, రెండువైపులా సమానంగా. 7:5లో "ఉభయుల సమ్మతి" అంటుంది. భార్యాభర్తలు ఒక నిర్ణయానికి ఎలా రావాలో పౌలు విడమరిచి చెప్పిన చోటు ఇదే, అక్కడ చెప్పింది సమ్మతి.

నాలుగో దానిలో ఇద్దరితో విడివిడిగా ఇరవై నిమిషాలు మాట్లాడాలి. కట్నం ఒత్తిడి, ఇష్టంలేని సంబంధం, తాగుడు, ఇవేవీ పక్కపక్కన కూర్చోబెడితే బయటికి రావు. అమ్మాయితో పాస్టరమ్మ గానీ స్త్రీల సమాజంలో పెద్దావిడ గానీ మాట్లాడాలి, అయ్యగారు కాదు.

యువ_విశ్వాసి
అక్కా, ఇద్దరూ ఒప్పుకోకపోతే? ఎవరిదో ఒకరిది చివరి మాట అవ్వాలి కదా? మా పాస్టరుగారు అందుకే శిరస్సు అంటారు.

కాపురం_పాఠాలు
తమ్ముడూ, ముందు ఆ నిర్ణయం ఎలాంటిదో చూడు. వెనక్కి తీసుకోగలిగేదైతే (బడి, ఫ్రిజ్, సెలవులు) ఒకరి మాట ఒకసారి, ఇంకొకరిది ఇంకోసారి నడిచినా నష్టం లేదు. వెనక్కి తీసుకోలేనిదైతే (ఇల్లు అమ్మడం, అప్పుకు హామీ సంతకం, ఊరు మారడం, గల్ఫ్‌కు వెళ్లడం) ఇద్దరూ ఒప్పుకునేదాకా ఆగడమే నిర్ణయం. రాత్రిపూట ఆసుపత్రి లాంటిదైతే ఎవరు దగ్గరుంటే వాళ్లదే మాట. ఇలా విడదీస్తే "చివరి మాట" కావాల్సిన సందర్భాలు ఎన్ని మిగులుతాయో రాసి చూసుకో.

బెరయ_విశ్వాసి
అక్క చెప్పినదానికి మా పక్షం నుంచి రెండు వాక్యభాగాలు కలుపుతాను. శిరస్సత్వాన్ని నమ్మేవాళ్లు వీటిని తప్పకుండా బోధించాలి. 1 సమూయేలు 25లో అబీగయీలు నాబాలుకు చెప్పకుండానే దావీదుకు ఆహారం తీసుకెళ్లింది, దానివల్ల ఇల్లు రక్తపాతం నుంచి తప్పింది, దావీదు ఆమెను ఆశీర్వదించాడు. అపొస్తలుల కార్యములు 5లో సప్పీరాను పేతురు భర్తతో కలిపి అడగలేదు, విడిగా అడిగాడు. "మీరెందుకు ఏకీభవించితిరి" అన్నాడు. మా ఆయన చెప్పాడు కాబట్టి చేశాను అనే జవాబు దేవుని ఎదుట చెల్లదని ఆ ఇద్దరు స్త్రీల కథలే చెబుతున్నాయి. 1 పేతురు 3:7 కూడా చూడండి. భార్యను సన్మానించని భర్త ప్రార్థనకే "అభ్యంతరము కలుగు"తుంది.

న్యాయపేజీ
కొట్టుకునే ఇళ్ల విషయంలో సంఘాల్లో మూడు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. స్త్రీ వచ్చి చెప్పగానే భర్తను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టడం. ఇంటికెళ్లాక ఆ దెబ్బలు రెట్టింపవుతాయి. రెండోది, లోబడి ఉండు అని ప్రార్థన చేసి పంపేయడం. మూడోది ఇంకా ప్రమాదం: "ఫలానా సహోదరి కుటుంబం కోసం ప్రార్థించండి" అని ఉపవాస కూడికలో మైకులో చెప్పడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం. సాయంత్రానికల్లా అత్తగారికి తెలిసిపోతుంది.

చేయాల్సింది: ఆమెతో విడిగా, ఇంకో స్త్రీ తోడుగా మాట్లాడాలి. ఈ రాత్రి ఇంట్లో భద్రమా అని అడగాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఇవ్వాలి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కుకు ఉత్తర్వు మేజిస్ట్రేటు దగ్గర అడగొచ్చు. దానికి విడాకులు తీసుకోనక్కర్లేదు, ఈ ఒక్క మాట తెలియకే చాలామంది భయపడతారు. ఆధార్, పాసుబుక్కు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు బయట ఎక్కడైనా ఉంచుకోమనాలి.

విడాకుల చట్టం గురించి పాతమాటలే ఇంకా చెబుతుంటారు. 1869 చట్టం కింద భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలేది. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001 సవరణ ఆ తేడా తీసేసి, పరస్పర అంగీకార విడాకులు తెచ్చింది.

ఆస్తి కూడా. 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా క్రైస్తవుడు చనిపోతే, పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. కొడుకైనా కూతురైనా సమాన వాటా. ఆడపిల్లకు కట్నంతో సరి అన్నది చట్టంలోనూ లేదు, సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలకు దేవుడిచ్చిన తీర్పులోనూ లేదు.

సంఘ_చిట్టా
అందరికీ కృతజ్ఞతలు. చర్చ నడిపే పద్ధతి మీద నాకు తెలిసినది నేనూ రాస్తాను, తప్పుంటే సరిదిద్దండి.

అన్నిటికంటే ముందు సభ్యుల చిట్టా తెరవండి. చాలా చోట్ల కుటుంబానికి ఒక వరుస, అందులో యజమాని పేరు, పక్కన "మరియు కుటుంబము" అని ఉంటుంది. చందా రసీదూ ఆయన పేరుతోనే. చందా కట్టినవాళ్లకే ఓటు అన్న నిబంధన ఉంటే, స్త్రీలకు ఓటు హక్కు కాగితం మీద ఉండి ఎన్నికల రోజు లేకుండా పోతుంది. భార్యాభర్తలకు విడి వరుసలు, విడి రసీదులు ముందే రాయించాలి. విధవరాళ్ల పేర్లు కొడుకుల కింద కలిసిపోయి ఉంటాయి, వాటినీ విడదీయాలి.

తర్వాత ఆరు వారాల అధ్యయనం. వారానికి ఒక్క భాగం, వచనం కాదు, అధ్యాయం మొత్తం. ప్రతి పక్షం నుంచి ఒకరు ఎదుటి పక్షపు వాదనను వాళ్లు ఒప్పుకునేలా చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ భాగం మళ్లీ చదవాలి. చర్చ రోజే ఓటు పెట్టొద్దు. "స్త్రీ పాత్ర" అని ఒకే తీర్మానమూ పెట్టొద్దు. పఠనం, ప్రార్థన, బోధ, ప్రభురాత్రి భోజనంలో అందించడం, కమిటీ, పెద్దల పదవి, ఇవి వేర్వేరు ప్రశ్నలు. కట్టగట్టి ఓటు పెడితే పదవి ఒద్దన్నవాళ్లు పఠనాన్నీ ఒద్దన్నట్టు అవుతుంది.

ఎన్నికయ్యాక చెడేది కమిటీ వేళ దగ్గర. రాత్రి ఎనిమిదిన్నరకు కమిటీ పెడితే వంట, పిల్లలు ఉన్న స్త్రీ రాలేదు. మూడు సమావేశాలు రాకపోతే సభ్యత్వం పోతుందన్న నిబంధన ఉంటే ఇక అంతే. ఆదివారం ఆరాధన అయ్యాక గంటసేపు పెట్టుకోండి. కోశాధికారిగా స్త్రీ ఎన్నికైతే చెక్కుబుక్కు ఆమె భర్త చేతికి పంపి సంతకం పెట్టించుకురమ్మనడం కూడా మానాలి.

మైకుసెట్టు
చిన్న విషయాలే, కానీ వీటివల్లే మొదటి ఆదివారం పాడవుతుంది. కాలర్ మైకు చీరకు కుదరదు. జాకెట్టుకు పెడితే కొంగు రాసుకుని గరగర వస్తుంది, తలమీద కొంగు జారి సర్దుకున్నప్పుడల్లా ఇంకా ఎక్కువ. స్టాండు మైకు పెట్టి ముందురోజే ఎత్తు తగ్గించి చూడండి. పురుషుల గొంతుకు పెట్టిన బేసు అలాగే ఉంచితే స్త్రీ గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. బేసు తగ్గించి మధ్యస్థాయి కొంచెం పెంచాలి. వినబడకపోతే జనం సౌండును కాదు, మనిషినే తప్పుపడతారు.

ఇంకోటి ఎవరూ పైకి అనరు: నెలసరి రోజుల్లో ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరికి రాకూడదు, ప్రసంగ వేదిక ఎక్కకూడదు అన్న పట్టింపు. లేవీయకాండము 15 చూపిస్తారు. అదే అధ్యాయం మొదటి సగం పురుషుల గురించి, దాన్ని ఎవరూ పాటించరు. మార్కు 5లో పన్నెండేళ్ల రక్తస్రావం ఉన్న స్త్రీ యేసు వస్త్రాన్ని ముట్టుకుంటే ఆయన "కుమారీ" అన్నాడు. ఈ పట్టింపును అధ్యయనంలో ఒక వారం ఎత్తి మాట్లాడకపోతే, తీర్మానం గెలిచాక కూడా పఠనానికి పేరు రాయించుకున్న స్త్రీ ఆ ఆదివారం రాదు, ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పదు.

బెరయ_విశ్వాసి
సంఘ_చిట్టా అన్నా, అధ్యయన కాగితంలో 1 తిమోతి 3:11 కూడా అచ్చు వేయించండి. "పరిచర్యచేయు స్త్రీలును మాన్యులై" అని మన బైబిల్లో ఉంది. పరిచారకుల భార్యలని చదివే అనువాదాలూ ఉన్నాయి. మా పక్షంలోనూ దీన్ని స్త్రీ పరిచారకులుగా చదివేవాళ్లు చాలామందే ఉన్నారు.

గ్రీకుపాఠం
అవునన్నా, అక్కడ మూలంలో "స్త్రీలు" అన్న ఒక్క మాటే ఉంది. "పరిచర్యచేయు" అన్నది మన అనువాదకులు కలిపినది. కాగితంలో ఆ మాట కింద గీత గీసి, మూలంలో లేదని పక్కన రాయండి. రెండు పక్షాలవాళ్లూ ఆ గీత దగ్గర నుంచే మొదలుపెట్టొచ్చు.